ఆర్తుని ప్రశ్న

ప్రశ్నోత్తరరూపమున ధర్మమును చెప్పు సంప్రదాయము మనకు ఉపనిషత్తుల నాటిది. అనంతపురపు కరవుసీమలోను అది తెగిపోలేదు. చిత్రావతీతీరమందలి పుట్టపర్తి నుండి 1958లో వెలువడ నారంభించిన సనాతన సారథి పత్రికలో సత్యసాయిబాబా వ్రాసిన ప్రశ్నోత్తర వాహిని, సందేహ నివారిణి ధారావాహికలుగా వచ్చి, పిమ్మట గ్రంథములైనవి. సందేహ నివారిణిలో అడుగువాడు భక్తుడు, చెప్పువారు స్వామి. ఇరువురి మాటలను వ్రాసిన కలము మాత్రము ఒక్కటే. ఇట్టి గ్రంథమున సమాధానము లేని ప్రశ్న కానరాదు, ఏలయన సమాధానమున్న ప్రశ్నకే అందు ప్రవేశము. అది గ్రంథదోషము కాదు, ఆ ప్రక్రియ స్వభావము.

మరి ప్రవేశము దొరకని ప్రశ్నల గతి యేమి? ఏది సందేహము, ఏది కలహము అని నిర్ణయించువాడు దేనిని ప్రమాణముగా గైకొనవలెను? నైయాయికులు తత్త్వమెరుగుటకు చేయు చర్చను వాదమనియు, గెలుపే పరమార్థముగా ఛలమునకైన వెనుదీయనిదానిని జల్పమనియు, తనకొక పక్షమును నిలుపుకొనక ఎదుటివాని మాటను కూల్చుటతోనే తృప్తిపడుదానిని వితండయనియు విభజించిరి. ఈ కొలత విద్వత్సభకు చాలును; రచ్చబండకు చాలదని నా అభిప్రాయము.

రెండు ఋతుపవనములకును అంచున పడి, ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కురిసిన అదే పదివేలనుకొను ఈ పీఠభూమిలో, శెనక్కాయ విత్తి, తీరా ఊడలు దిగు వేళకు మబ్బు మొగము చాటువేయగా, చేనిగట్టున నిలిచిన రైతు "దేవుడుంటే వాన యాడికి పాయ?" అని అడుగును. పూర్వజన్మకర్మమని చెప్పితిమా, "ఊరందరిదీ ఒకే కర్మమా?" అనును. తనదైన సిద్ధాంతమును నిలుపడు, మన మాటను నిలువనీయడు. లక్షణమును బట్టి చూచిన ఇది వితండయే. కాని భగవద్గీతలో భగవానుడు తన్ను భజించు సుకృతులను నాలుగు తెరగులుగా లెక్కించుచు ఆర్తునితోనే మొదలిడెను. జిజ్ఞాసువు ఆ వరుసలో అతని వెనుకవాడు. దేవుడు లేడని తేల్చుకొన్నవాడు ఇంతగా నిలదీయడు గదా!

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు, ఇక అడిగితివేని తల రాలిపడునని గార్గిని వారించెను, ఆమె మిన్నకుండెను. అడుగువారి నోరు మూయించుటకు ఇంతవరకే చెప్పువారు, ఆ గార్గియే మరల లేచి, సభవారి అనుమతి గైకొని, రెండు ప్రశ్నలను బాణములవలె ఎక్కుపెట్టిన సంగతిని విడిచిపెట్టుదురు. అక్షరతత్త్వోపదేశము వెలువడినది ఆ రెండవ విడత ప్రశ్నల వలననే. వారించుట వేరు, వెలివేయుట వేరు. ప్రశ్నోపనిషత్తున పిప్పలాదుడు తన్నాశ్రయించిన ఆర్గురిని ఒక్క యేడు తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో నుండి పిదప అడుగుడనెను. మా రైతు వానకై ఎదురుచూచిన యేండ్లను లెక్కింతుమేని ఆ నియమము అతనికి ఏనాడో తీరినది.

1995 ప్రాంతమున పుట్టపర్తి ట్రస్టు నాటి అనంతపురము జిల్లాలో 700కు పైగా గ్రామములకు త్రాగునీరు చేర్చినది. ఆర్తునకు అది ఏ పత్రికలోని సమాధానముకంటెను స్పష్టమైన సమాధానము. అయినను గొంతు తడిసినంత మాత్రమున చేను తడియదు. ప్రశ్న మిగిలియే యున్నది. ఈ నేల మీది సందేహములను ఎవరైన కూర్చి అచ్చువేయుచో, దీనిని ఏరివేయక, ఆ రైతు పలుకుబడిలోనే చేర్చి, తక్కినవానివలె దీనికిని వరుససంఖ్య నిచ్చి, సమాధానపు చోటు మాత్రము ఖాళీగా నుంచవలెనని నా మనవి.