నిప్పు నిలుపు నేర్పు

ఏ పనియందైనను నేర్పు గడించుట మేలేయని లోకమున నొక మాట యున్నది. చోరత్వమును గూడ అరువదినాలుగు కళలలో నొకటిగా చెప్పుకొను దేశమున ఈ మాటకు ఆదరము లేకుండునా? నేనును దీనిని చాలకాలము నమ్మితిని. ఆ నమ్మకమును కదల్చినది శాస్త్రగ్రంథము గాదు, ఒక కొయ్యపైపు.

నాకు ఇరువదియేండ్లు నిండిన దినములలో నొక స్నేహితుడు దూరదేశమునుండి వచ్చుచు దానిని కానుకగా తెచ్చియిచ్చెను. మా యిల్లు భవానీపురమున కృష్ణకు దగ్గరగా నుండెడిది. 1957లో ప్రకాశము బ్యారేజీ ఏర్పడిన పిమ్మట దాని కెగువనున్న ఈ భాగమున నీరు నిండుగా నిలిచియుండును, ఎదుట భవానీద్వీపము. సాయంకాలమున అచట వీచు గాలి హాయియైనదే గాని, పైపు వెలిగింపదలచినవానికి అంతకంటె పగవాడు లేడు. మొదటినాడు అగ్గిపెట్టెలో సగము పుల్లలు చెల్లినవి. నిప్పు మాత్రము నిలువలేదు.

మా మేనమామ గట్టుమీద కూర్చుండి చూచి నవ్వెను. ఆయన గోదావరి లంకపొగాకు చుట్టలను నలువదియేండ్లుగా కాల్చుచున్నవాడు. పైపు నెన్నడును ముట్టి యెరుగడు. అయినను లోప మెక్కడనో ఆయన కిట్టే తెలిసెను.

"ఒరే అబ్బాయీ, అదేమన్నా కొలిమితిత్తి అనుకున్నావా? అలా గుంజకు. మీ అమ్మ కుంపటి ఎలా కాస్తుందో చూళ్ళేదూ?"

కుంపటి మాట నాకు బాగుగా పనికివచ్చినది. ఆకును బిగించి కూరినచో గాలి పారదు. వదులుగా పోసినచో నిమిషములో మండిపోవును. అడుగున వదులుగను, పైన కొంచెము గట్టిగను నింపవలెను. మొదటి మంటకు పైయాకు ఉబ్బి, మెలితిరిగి, లేచి ఆరును. క్రొత్తవాడు అచ్చటనే నిరాశ చెందును. కాని అది ఆరుటకే వెలిగించిన మంట. లేచిన యాకును చదునైన కడ్డీతో మెల్లగా నొక్కి రెండవమారు వెలిగించిన గాని నిప్పు కుదురుకొనదు. అటుపిమ్మట ఊపిరి తీయుచున్నట్లే పీల్చవలెను. తొందరపడినచో నాలుక మండును, గిన్నె కాలును, గొట్టములో చెమ్మ చేరి గురగురలాడును. ఆలస్యించినచో ఆరిపోవును. ఈ రెంటి నడుమ దారి వెండ్రుకంత సన్నము.

ఒడలు మొదట ఒప్పుకొనలేదు. మూడు దినములు తల తిరిగినది, చల్లని చెమట పట్టినది, ఒకనాడు వాంతియు నైనది. పైపుపొగను రొమ్ములోనికి పీల్చరు గనుక దోషము లేదని నా స్నేహితుడు ధైర్యము చెప్పెను. ఇది యనేకులు చెప్పుకొను ఓదార్పే. పైపుపొగయు చుట్టపొగయు క్షారగుణము గలవి యగుటచే వానిలోని నికోటిను నోటిపొరగుండనే నెత్తురులో చేరుననియు, రొమ్ముతో దానికి పని లేదనియు నాకు తరువాత తెలిసినది. నాలుగవదినమునకు ఒడలు మొఱ్ఱపెట్టుట మానినది. దానిని నేను విజయమని యెంచుకొంటిని.

నెల తిరుగునప్పటికి రెండు పుల్లలతో ముప్పాతికగంట నిప్పు నిలుపగలిగితిని. నిజము చెప్పవలెనన్న, ఆ నెలలో నేర్చిన యోర్పును ఏ పాఠశాలయందును నేర్వలేదు. కన్యాశుల్కమున గిరీశమువలన తనకు పట్టువడినది చుట్టకాల్చుట యొక్కటేయని వెంకటేశము వాపోవును, చదువరులు నవ్వుదురు. ఆ యొక్కటియైనను కుఱ్ఱవాడు శ్రద్ధతోనే నేర్చియుండునని నా యనుమానము.

మరి యీ యోర్పు సద్గుణము గాదా? ఇదియే నన్ను వేధించిన ప్రశ్న. దీనిని కాదనుటకు నాకు మనసొప్పలేదు. అయితే ఒక్కటి గమనించితిని. నిప్పు నిలుపుట చేతగాని దినములలో పైపు ఆరినప్పుడెల్ల నేనొక క్షణ మాగవలసివచ్చెడిది. మరల వెలిగింతునా, చాలింతునా? ఒక్కొక్క సాయంకాలమున ఇరువదిమారులు ఆ ప్రశ్న నాముందు నిలిచెడిది. ఇరువదిమారులును నేను స్వతంత్రుడనై యుంటిని. నేర్పు వచ్చినపిదప పైపు ఆరుట మానినది, నన్నడుగుటయు మానినది. ఓర్పు సైతము అప్పుడే సెలవుతీసికొన్నది: చేయి తనంతట తానే పని చేయుచుండగా మనసునకు ఓర్పుతో పని యేమి? మిగిలినది కోరిక మాత్రమే.

1605లో గతించిన అక్బరునకు ఆయన చివరిదినములలో అసద్‌బేగను కొలువుకాడు బిజాపురమునుండి పొగాకును, రత్నములు చెక్కిన గొట్టమును తెచ్చి సమర్పించెను. చక్రవర్తి కొలదిమారులు పీల్చెననియు, వైద్యుడు వలదని యడ్డుపడెననియు అసద్‌బేగే వ్రాసియుంచెను. ఆయన అలవాటు చేసికొనలేదు. కొలువులోని ప్రభువులు చేసికొనిరి. చక్రవర్తి యింకను క్రొత్తవాడే గనుక మానుట సులభమైనది.

నేర్పునకు కొసమెట్టు చూడగోరువారు శ్రీకాకుళపు పల్లెలకు పోవలెను. అచట పేదస్త్రీలు అనేకులు చుట్టయొక్క నిప్పుకొనను నోటిలోపల నుంచి కాల్చెడివారు; దానిని అడ్డపొగ యందురు. గాలి తగులదు, నీటితుంపర పడదు, చేతులు పనికి ఖాళీగా నుండును. నిప్పును కాపాడుటలో ఇంతకు మించిన నేర్పు నాకు తోచదు. పిండ్‌బోర్గు మొదలగు వైద్యులు ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశీలనలో, ఈ యలవాటు గలవారి అంగిళ్లయందు పుండ్లును పుట్టకురుపును కనబడినవి.

మామయ్యకు వచ్చినది అంగిటిలో గాదు, ఎడమబుగ్గలోపల. మొదట తెల్లని మచ్చ. ఆయన దానిని సున్నపుపొక్కు అనెను. వైద్యుడు చుట్ట మానుమని చెప్పిననాడు నేను ప్రక్కనే యుంటిని. మామయ్య బుద్ధిమంతునివలె తలయూపెను. బయటికి వచ్చిన పది యడుగులలో ఆయన చేయి జేబులోనికి పోయినది.

"మామయ్యా!" అంటిని.

ఆయన తన చేతిని తానే వింతగా చూచుకొనెను. "నేను వెలిగించలేదురా. అదే వెలిగించుకుంటోంది" అనెను.

ఆ సాయంకాలము ఇరువురమును గట్టుమీద కూర్చుంటిమి. మామయ్య చుట్టను వెలిగింపక వ్రేళ్లనడుమ త్రిప్పుచుండెను. నదిమీదినుండి గట్టిగాలి యొకటి వచ్చి చాలదినములకు నా పైపును ఆర్పివేసెను. మామయ్య అలవాటుచొప్పున అగ్గిపెట్టె నా కందిచ్చెను. నేను దానిని తీసికొని జేబులో వేసికొంటిని. చీకటిపడి యింటికి లేచువరకును ఆయన దానిని తిరిగి అడుగలేదు.