ఏకాంతానికి అతిథి

ఏకాంతస్థలాన్ని వెతుక్కుంటూ వెళ్ళే మనిషి, ఆ ఏకాంతాన్ని భంగపరచగల వస్తువునొకదాన్ని తన వెంటే తీసుకువెళతాడు. అది తానే. జనసంచారం లేని చోటు మనసుకు శాంతినిస్తుందని విని ఒకడు అక్కడికి వెళితే జనసంచారం మొదలైనట్టే. అతడు తిరిగివచ్చి నలుగురికి చెబితే ఆ స్థలానికి వచ్చిన పేరు మిగులుతుంది గాని ఆ పేరుకు కారణమైన గుణం మిగలదు. ఇది కేవలం తర్కశాస్త్రపు చమత్కారం కాదు. పర్వతాలలో, అరణ్యాలలో, సముద్రతీరాలలో అన్ని దేశాలవారికీ ఎదురవుతున్న నైతిక సమస్య. మనిషికి ఏకాంతం అవసరమన్నది నిర్వివాదం. భగవద్గీత సైతం జ్ఞానలక్షణాలను చెబుతూ నిర్జన ప్రదేశాన్ని సేవించడాన్ని వాటిలో ఒకటిగా పేర్కొన్నది. అయితే ఒక స్థలాన్ని సేవించడానికీ, దాన్ని వాడుకోవడానికీ నడుమనున్న హద్దు ఏది?

ఈ ప్రశ్నను ఊహలో కాక ఒక నిజమైన స్థలంలో నిలిపి చూడటం మేలు. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ ద్వీపకల్పం అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ నేల ముగిసే చోటుకు ల్యాండ్స్ ఎండ్ అని పేరు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, దక్షిణపు ఒడ్డున, పోర్త్‌కర్నో అనే చిన్న రేవు ఉంది. 'పోర్త్' అంటే కార్నిష్ భాషలో రేవు అనే అర్థం. దానికి తూర్పుగా గ్రానైట్ కొండచరియల కింద పెడ్న్ వౌండర్ అనే మరింత చిన్న వంపు ఉంది. ట్రీన్ గ్రామం నుంచి పొలాల మీదుగా నడిచి, కొండ అంచున సాగే కాలిబాట దాటి, నిటారుగా కిందికి దిగాలి. చివరి కొన్ని అడుగులు చేతులతో రాళ్ళను పట్టుకుని దిగవలసినవే. పోటు సమయంలో అక్కడి ఇసుక చాలావరకు నీటి అడుగున ఉంటుంది. ఆటు సమయంలో గవ్వల పొడితో తెల్లబడిన ఇసుక మేట బయటపడుతుంది. వచ్చినవాడు మూడు వైపులా రాతిగోడలనూ, ఎదుట ఎల్లలెరుగని జలరాశినీ చూస్తాడు.

ఆ వంపుకు తూర్పు సరిహద్దుగా ట్రెరిన్ దినాస్ అనే రాతి అగ్రం సముద్రంలోకి పొడుచుకుని వచ్చింది. ఇనుపయుగం నాటి కోట కట్టలు దాని మీద నేటికీ కనిపిస్తాయి. ఆ అగ్రం మీద సుమారు 80 టన్నుల బండ ఒకటి మరొక బండపై ఆని ఉంది. దాన్ని లాగన్ రాయి అంటారు. ఒక మనిషి చేత్తో నెట్టితే అంతటి బండ ఊయలలా మెల్లగా ఊగేదట. గాలి, వాన, లెక్కకందని కాలం కలిసి గ్రానైటును అరగదీసి తీర్చిన అమరిక అది. దాన్ని చూడటానికి దూరప్రాంతాల నుంచి జనం వచ్చేవారు. వారికి దారి చూపి ట్రీన్ గ్రామస్థులు నాలుగు కాసులు సంపాదించుకునేవారు.

1754లో ప్రచురితమైన కార్న్‌వాల్ పురావస్తు గ్రంథంలో విలియం బోర్లేజ్ అనే మతాచార్యుడు ఈ రాయిని ఏ యంత్రబలమూ దాని చోటు నుంచి తప్పించలేదని రాశాడు. అది నైతికంగా అసాధ్యమని ఆయన వాడిన మాట. ఆ కాలపు ఇంగ్లీషులో ఆ మాటకు 'దాదాపు అసాధ్యం' అని మాత్రమే అర్థం. దాన్ని సవాలుగా తీసుకున్నాడు హ్యూ గోల్డ్‌స్మిత్ అనే నౌకాదళ లెఫ్టినెంటు. 1824 ఏప్రిల్‌లో 'నింబుల్' అనే ఓడకు చెందిన కొద్దిమంది నావికులతో, గునపాలతో అక్కడికి వచ్చి బండను పెకలించి దాని స్థానం నుంచి దొర్లించాడు. అసాధ్యమన్నది సాధ్యమని రుజువైంది. బోర్లేజ్ వాడిన మాటకు అసలైన అర్థం ఆ తరువాతనే బోధపడింది. చేతులకు సాధ్యమైనదే ధర్మానికి అసాధ్యంగా ఉండవచ్చు. చేయగలగడం వేరు, చేయదగడం వేరు.

ఈ లెఫ్టినెంటు ప్రసిద్ధ రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ కుటుంబానికి చెందినవాడు. ఆ రచయిత తెలుగువారికి కొత్తవాడు కాడు. 1878లో 'వివేకవర్ధని'లో వెలువడనారంభించిన కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము'కు ఆయన నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ. సంపన్నుల విలాసం కోసం ఒక పల్లె బతుకు చెదిరిపోవడాన్ని తలచి దుఃఖించిన 'డిజర్టెడ్ విలేజ్' కావ్యాన్ని 1770లో ప్రకటించినదీ ఆయనే. అదే కుటుంబంలో పుట్టినవాడు వినోదం కోసం ఒక పల్లె జీవనాధారాన్ని కూలదోయడం చరిత్ర చేసిన పరిహాసం. ఉత్తమ సాహిత్యం ఇంట్లో ఉన్నంత మాత్రాన ఉత్తమ వివేకం వారసత్వంగా రాదని చెప్పడానికి వేరే నిదర్శనం అక్కర లేదు.

గ్రామస్థులు ఆగ్రహించారు. రాయిని యథాస్థానంలో నిలపాలని పట్టుబట్టారు. శాస్త్రజ్ఞుడూ, పార్లమెంటు సభ్యుడూ అయిన డేవిస్ గిల్బర్ట్ మధ్యవర్తిత్వం వహించి నౌకాదళ శాఖ నుంచి కప్పీలు, గొలుసులు, మోకులు తెప్పించాడు. 1824 నవంబరులో అరవైమందికి పైగా శ్రమించి బండను తిరిగి పైకెత్తి పాతచోట కూర్చోబెట్టారు. అయిన ఖర్చు 130 పౌండ్ల 8 షిల్లింగుల 6 పెన్సులని నాటి లెక్క చెబుతుంది. పాలనావ్యవస్థ దృష్టితో చూస్తే ఇది మెచ్చదగిన ముగింపు. ప్రభుత్వోద్యోగి చేసిన నష్టాన్ని ప్రభుత్వ సాధనాలతోనే సరిదిద్దారు, ప్రజల ఫిర్యాదు ఆలకించారు, లెక్క రాశారు, దస్త్రం మూశారు. కాని రాయి మునుపటిలా ఊగలేదు. నేటికీ అది తన చోటనే ఉంది. దాన్ని కదిలించడం మాత్రం కష్టసాధ్యం.

నష్టపరిహారపు పరిమితి ఇక్కడ తేటపడుతుంది. స్థానాన్ని తిరిగి ఇవ్వవచ్చు, స్థితిని తిరిగి ఇవ్వలేము. బండ బరువు, కొలతలు, అది నిలిచిన చోటు కొలవదగినవి కనుక అవి తిరిగి వచ్చాయి. రెండు రాళ్ళ నడుమ యుగాలుగా ఏర్పడిన పొందిక కొలతకు లొంగనిది కనుక తిరిగి రాలేదు. పునరుద్ధరణ పేరుతో జరిగే పనులన్నిటికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. పాత గుడిని విప్పి మరొకచోట కట్టవచ్చు, ఎండిన చెరువును తవ్వించి నీరు నింపవచ్చు. అవి చేయదగిన పనులే. అయితే తిరిగి నిలిపినది మునుపటి వలె కదులుతున్నదా అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం సాధారణంగా నివేదికలలో దొరకదు.

అట్లయితే ఇలాంటి చోట్లకు ఎవరూ వెళ్ళకపోవడమే ధర్మమా? అలా తీర్మానించడం తొందరపాటు. చూడవచ్చేవారు లేకపోతే ఆ రాయి కోసం పోరాడేవారూ ఉండేవారు కారు. గ్రామస్థుల ఆగ్రహంలో అభిమానమూ ఉంది, జీవనోపాధి చింతా ఉంది. రెండూ కలిసే రాయిని నిలబెట్టాయి. అంతేకాక, ఏకాంతం స్వభావతః నిర్దోషమైనదని అనుకోవడానికీ వీలులేదు. పక్కనున్న పోర్త్‌కర్నో కథ ఇందుకు సాక్ష్యం. 1870 జూన్‌లో బొంబాయిని ఇంగ్లండుతో కలిపే సముద్రాంతర తంతి మార్గం ఏడెన్, సూయెజ్, మాల్టా, జిబ్రాల్టర్, లిస్బన్ పరిసరాల మీదుగా వచ్చి ఈ చిన్న రేవులోనే ఒడ్డు చేరింది. మొదట ఫాల్మత్ ఓడరేవును అనుకున్నారు. అక్కడ నౌకల రద్దీ ఎక్కువ కనుక లంగర్లు తగిలి తీగలు తెగుతాయన్న భయంతో, నౌకలు ఆగని ఈ వంపును ఎంచుకున్నారు. అంటే ఈ రేవును లోకానికి కూడలిగా చేసింది దాని ఏకాంతమే. ఓడల మీద వారాల తరబడి ప్రయాణించే వార్త నిమిషాలలో అందసాగింది. ఏలినవారి ఆజ్ఞలు, వర్తకుల ధరవరలు, దూరదేశంలో ఉన్న బిడ్డల మరణవార్తలు అన్నీ ఆ ఇసుక కింది తీగలలోనే సాగిపోయాయి. ఎవరూ లేని చోటు నుంచి కోట్ల మందిపై అధికారం వేగం పుంజుకుంది.

1940-41లో యుద్ధభయంతో తంతి కేంద్రాన్ని కొండను తొలిచి కట్టిన సొరంగాలలోకి మార్చారు. 1970లో కేంద్రం మూతపడింది. ఆ సొరంగాలు తరువాత ప్రదర్శనశాలలో భాగమయ్యాయి. భారతదేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. తీగల కాలం పోయినా అలలు యథాప్రకారం వచ్చిపోతున్నాయి. మనిషి చేసిన ప్రతి మార్పూ విధ్వంసం కాదనడానికి ఇది ఆధారం. విధ్వంసం కాని మార్పు నిష్కళంకమూ కాదనడానికి అందులో సాగిన ఆజ్ఞల చరిత్ర ఆధారం.

అదే రేవు పై కొండచరియ మీద మరో ఉదాహరణ ఉంది. 1932లో రోవెనా కేడ్ అనే మహిళ తన తోట అంచున షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' ప్రదర్శనకు వేదిక కల్పించింది. తరువాత దశాబ్దాలపాటు, సహాయకులతో కలిసి, కింది నుంచి ఇసుక మోసి సిమెంటుతో కలిపి మెట్లూ ఆసనాలూ తన చేతులతో కట్టింది. 1983లో ఆమె మరణించే నాటికి అది మినాక్ నాటకశాలగా ప్రఖ్యాతి పొందింది. ఆమె కూడా ఆ చోటు నిశ్శబ్దాన్ని మార్చినదే. వేల మంది ప్రేక్షకులను రప్పించినదే. కాబట్టి లెఫ్టినెంటు దోషి, ఆమె నిర్దోషి అని తేల్చి చెప్పడం సులభం కాదు. కాని వారిద్దరి నడుమ ఒక భేదం ఉంది. అతడు తన బలాన్ని రుజువు చేసుకోవడానికి ఆ స్థలాన్ని సాధనం చేసుకున్నాడు. ఒక్క పూటలో పని ముగించాడు. ఆమె తన బలాన్ని ఆ స్థలానికి సాధనం చేసింది. జీవితకాలం దాని వాలునూ గాలినీ అనుసరించింది. ఒకచోట రాతికి అడ్డంగా మనిషి నిలిచాడు. మరొకచోట రాతి వెంట మనిషి నడిచింది.

ఈ భేదాన్ని పట్టి ఇచ్చే మాట ఒకటి మన భాషలోనే ఉంది. అతిథి అంటే తిథి నియమం లేకుండా వచ్చేవాడని పెద్దలు చెబుతారు. పెడ్న్ వౌండర్ వంటి చోట ఆ స్వేచ్ఛ చెల్లదు. సముద్రపు ఆటుపోట్లు చంద్రుణ్ణి అనుసరిస్తాయి. అమావాస్య, పౌర్ణమి తిథులను అంటిపెట్టుకున్న రోజులలో నీరు అన్నిటికంటే దూరంగా వెనక్కు పోతుంది, అన్నిటికంటే ఎత్తుగా తిరిగి వస్తుంది. వచ్చినవాడు నీరు తీసిన వేళ దిగాలి, నీరు మళ్ళే వేళకు తిరిగి ఎక్కాలి. గడియ దాటితే దారి మునుగుతుంది. అక్కడ ఇంటి యజమాని తిథి నిర్ణయిస్తాడు, అతిథి పాటిస్తాడు. ఆతిథ్యంలో గృహస్థు ధర్మాన్ని గురించి శాస్త్రాలు విస్తారంగా చెప్పాయి. నేడు ఆలోచించవలసింది అతిథి ధర్మాన్ని గురించి.

ఆ ధర్మం చిన్నదే. వచ్చినవాడు తన ఉనికిని రుజువు చేసుకోనక్కర లేదు. చోటు చెప్పిన వేళకు లేచి వెళ్ళాలి. తన తరువాత వచ్చేవాడి చేతికింద కూడా రాయి ఊగేలా విడిచి వెళ్ళాలి. పోటు వచ్చిన ప్రతిసారీ సముద్రం ఆ ఇసుక మీది అడుగుజాడలను చెరిపివేస్తుంది. చెరిపివేయలేనిది పైనున్న బండ ఒక్కటే. అది రెండు వందల ఏళ్ళుగా తన చోటనే, ఊగడం మరచి నిలిచి ఉంది.