ఎటాక్ 120

పోకెమాన్ ఆడేవాళ్ళలో ఒక రకం వాళ్ళున్నారు. కంపెనీ ఇచ్చిన ప్రాణులు చాలక తామే కొత్తవి తయారుచేసుకుంటారు. స్మోగన్ అనే ఆటగాళ్ళ సముదాయం 2007లో మొదలుపెట్టిన 'క్రియేట్-ఎ-పోకెమాన్' ప్రాజెక్టు చేసేది ఈ పనే. ముందు ఒక ఊహ ఎంచుకుంటారు. తర్వాత టైపు, ఎబిలిటీ, స్టాట్స్, మూవ్‌లు. ప్రతి మెట్టు దగ్గరా చర్చ, ఆ తర్వాత ఓటింగు. బొమ్మకీ పేరుకీ కూడా ఓట్లే. నేను మాత్రం బొమ్మల దగ్గర ఎక్కువసేపు ఆగను. నన్ను కట్టిపడేసేది స్టాట్స్ చర్చ, అందులోనూ ఎటాక్, స్పెషల్ ఎటాక్ ఎంతుండాలన్న చోట.

ఇందులో నీతి, ధర్మం ఏముంటాయి, ఒట్టి లెక్కలే కదా అనొచ్చు. ఒక రాత్రి కూర్చుని సొంతంగా ఒక స్ప్రెడ్ రాసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

డిఫెన్స్ రాయడం తేలిక. ఇది ఎంతసేపు నిలబడాలి అని అడుగుతాం, అంతే. ఎటాక్ అలా కుదరదు. ఎవరూ నంబరుతో మొదలుపెట్టరు. ముందు ఒక శత్రువుని ఎంచుకుంటారు. వాడు ఒక దెబ్బకి పడాలా, రెండు దెబ్బలకా అని తేల్చుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తారు. 100వ లెవెల్లో బేస్ ఎటాక్ 120 అంటే, పూర్తి శిక్షణా, కలిసొచ్చే స్వభావమూ ఉంటే 372. కానీ దెబ్బ ఎప్పుడూ ఒకేలా పడదు. గరిష్ఠంలో 85 నుంచి 100 శాతం మధ్య 16 మెట్లుంటాయి, వాటిలో ఏదో ఒకటి పడుతుంది. ఆ గరిష్ఠం ఎదుటివాడి ప్రాణానికి సరిగ్గా సమానమైతే వాడు 16 సార్లలో ఒక్కసారే చస్తాడు. ఎటాక్ పెంచుతూ పోతే అది రెండుసార్లవుతుంది, ఐదుసార్లవుతుంది, చివరికి ఖాయమవుతుంది. నేను నా ప్రాణి గురించి రాస్తున్నాననుకున్నాను. నిజానికి ఇంకో ప్రాణి ఎన్నిసార్లు బతకొచ్చో రాస్తున్నాను.

దాడులు రెండు రకాలు కావడంతో వ్యవహారం ఇంకా చిక్కబడుతుంది. బ్లిస్సీకి హెచ్‌పీ 255, స్పెషల్ డిఫెన్స్ 135, మామూలు డిఫెన్స్ మాత్రం 10. స్కార్మరీకి డిఫెన్స్ 140. స్పెషల్ దాడి ఒక్కటే ఉన్నవాడి ముందు బ్లిస్సీ నింపాదిగా కూర్చుంటుంది. రెండు దాడులూ బలంగా ఉన్నవాడి ముందు ఇద్దరిలో ఎవరిని దింపాలో తెలియదు. అందుకే ఈ చర్చల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: రెండోది తగ్గించండి, దీనికి చేతకానిది ఏదో ఒకటి ఉండాలి అని. మొదట్లో నాకిది మింగుడు పడలేదు. మన చేతులతో చేసినదాన్ని మనమే కుంటిదాన్ని చేయడమేంటి? కంపెనీ వాళ్ళ పద్ధతి వేరు. స్లేకింగ్‌కి ఎటాక్ 160 ఇచ్చి, ఒక టర్ను ఆడితే ఇంకో టర్ను ఊరుకోవాలని శిక్ష వేశారు. తక్కువ స్టాట్‌లో శిక్ష లేదు. అది ఎదుటివాడి కోసం వదిలిన ఖాళీ.

జాన్ రాల్స్ 1971లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. తాము ఏ స్థానంలో పుడతారో తెలియనివాళ్ళు నియమాలు రాస్తే అవి న్యాయంగా ఉంటాయని. ఇక్కడ ఓటేసేవాళ్ళకి అంతకంటే ఎక్కువే తెలుసు. ఈ ప్రాణిని వాడేదీ తామే, దానితో దెబ్బలు తినేదీ తామే. కాబట్టి చెయ్యి దానంతటదే బిగుసుకోవాలి. అలా ఏం జరగలేదు.

ఐదో తరం ఆటల కాలంలో వీళ్ళు ఆరుమాత్‌ని చేశారు. ఊహ పేరు 'రిస్కీ బిజినెస్'. వాడేవాడు ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవాలన్నమాట. టైపు బగ్-సైకిక్, ఆరు రకాల దాడులకి బలహీనం. పాపం ఇన్ని బలహీనతలున్నాయి కదా అని ఎటాక్ 120, స్పెషల్ ఎటాక్ 117. ఒక్క టర్నులో స్పెషల్ ఎటాక్‌ని రెండున్నర రెట్లు చేసే టెయిల్ గ్లో కూడా ఇచ్చారు. అది చాలదన్నట్టు క్వివర్ డాన్స్, డ్రాగన్ డాన్స్. వేరొకరి వేషంలో దిగడానికి ఇల్యూజన్. చివరికి ప్రమాదం ఎదురు నిలిచినవాడి వాటాకి వచ్చింది. భస్మాసురుడికి వరమిచ్చి శివుడే పరిగెత్తాల్సి వచ్చింది. కాకపోతే ఆయన ఒక్కడే ఇచ్చాడు, తప్పు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడ తప్పెవరిది? 120కి ఓటేసినవాణ్ణి పట్టుకుందామంటే, గార్చోంప్‌కి 130 ఉంది. టెయిల్ గ్లోకి ఓటేసినవాడు స్టాట్స్ తాను పెట్టలేదంటాడు. డెనిస్ థామ్సన్ 1980లో 'అనేక చేతుల సమస్య' అన్నది ఇలాంటిదే. అందరి చెయ్యీ ఉంటుంది, ఏ ఒక్కరి వేలిముద్రా దొరకదు. కానీ "నాది ఒక్క ఓటే" అన్న వాదన నాకు నచ్చదు. కోడ్ రాసేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. నువ్వు ఒక లిమిట్ పెడితే, నీ తర్వాత వచ్చేవాడు దాన్ని అంచుదాకా నింపుతాడు. తన తర్వాత మూవ్‌ల ఓటింగు ఉందని స్టాట్స్ దగ్గర ఓటేసేవాడికి తెలుసు. అది తెలిసీ అంచుదాకా పోశాడంటే, ఒలికినదాంట్లో అతని వాటా ఉన్నట్టే.

ప్రతివాళ్ళూ ఇలా చెయ్యి బిగిస్తే ఎవరూ వాడని ప్రాణి పుడుతుంది, నెలల చర్చంతా బూడిదలో పోసినట్టవుతుంది. ఇది చిన్న అభ్యంతరం కాదు. అయినా బలం తక్కువైతే నష్టపోయేది ఆ ప్రాణి, దాన్ని చేసినవాళ్ళు. బలం ఎక్కువైతే దాన్ని అడగనివాళ్ళు కూడా తమ టీములన్నీ దాని చుట్టూ మార్చుకోవాలి. ఆ రెండిట్లో నేను మొదటి తప్పువైపే మొగ్గుతాను. వాదనలో, కనీసం.

ఆ రాత్రి రాసిన స్ప్రెడ్‌లో స్పెషల్ ఎటాక్ మొదట 118 పెట్టాను, ఒక గోడలాంటి శత్రువుని ఒక్క దెబ్బకి కూల్చాలని. తర్వాత 110కి దించాను. వాడు అప్పుడప్పుడూ బతుకుతాడు. మా ఫ్రెండొకడు చూసి, "బానే ఉంది గానీ దీన్నెవడు వాడతాడ్రా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఫైలు ఇంకా అలాగే ఉంది, 110 పక్కన బ్రాకెట్లో 118 చెరపకుండా.