సత్యకాముడు, కర్ణుడు, మన రెజ్యూమె



పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఈ ఏడాదే బీటెక్ అయింది, క్యాంపస్‌లో ఏదీ రాలేదు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, అమీర్‌పేటలో కోర్సు. "అన్నా, ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తామంటున్నారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారట. మా వాళ్లు చాలామంది అదే చేస్తున్నారు. ఇందులో పాపం ఏముంది?" అన్నాడు.

"దొరికిపోతావురా" అనడం తేలిక. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది, యూఏఎన్ నంబర్‌తో పీఎఫ్ చరిత్ర అడుగుతారు, తేడా వస్తే ఆ రోజే బయటికి పంపుతారు. కానీ అది భయానికి సంబంధించిన జవాబు. వాడు అడిగింది ధర్మం గురించి. దొరకనివాళ్లు కూడా ఉన్నారు. దొరక్కపోతే తప్పు లేనట్టేనా?

వాడి వాదన వినండి. "ఫ్రెషర్‌ని ఎవరూ తీసుకోరు. అందరికీ అనుభవం కావాలి. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది? తలుపు వాళ్లే మూశారు కదన్నా." నిజం చెప్పాలంటే దీన్ని నేను కొట్టిపారేయలేను. మహాభారతంలో సరిగ్గా ఇదే బాధ పడినవాడు కర్ణుడు.

బ్రహ్మాస్త్రం నేర్పమని కర్ణుడు ద్రోణుణ్ణి అడిగాడు. ద్రోణుడు కాదన్నాడు. అప్పుడు పరశురాముడి దగ్గరికి వెళ్లి, భార్గవ వంశపు బ్రాహ్మణుణ్ణని చెప్పి చేరాడు. బాగా నేర్చుకున్నాడు, సేవ చేశాడు, గురువు మెప్పు పొందాడు. ఒకరోజు గురువు తన ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొడని తొలిచింది. గురువుకి నిద్రాభంగం అవుతుందని కదల్లేదు. నెత్తురు తగిలి పరశురాముడు లేచాడు, ఇంత ఓర్పు బ్రాహ్మణుడికి ఉండదన్నాడు, నిజం బయటపడింది. గమనించారా? కర్ణుణ్ణి పట్టించింది అతని లోపం కాదు, ఓర్పు. తనలోని మంచి గుణమే తన మీద సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత శాపం మనకి తెలిసిందే: ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆ అస్త్రం గుర్తుకు రాదు.

ఇప్పుడు ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడి దగ్గరికి వద్దాం. హారిద్రుమత గౌతముడు "నీ గోత్రం ఏమిటి?" అని అడిగాడు. అప్పటి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే అనుకోండి. పిల్లవాడి దగ్గర జవాబు లేదు. వాళ్లమ్మ జబాల తనకే తెలియదని చెప్పింది. ఆ మాటని ఉన్నదున్నట్టు చెప్పాడు. సత్యం తప్పలేదని గౌతముడు సంతోషించి చేర్చుకున్నాడు. మొదటి పనిగా ఏమిచ్చాడో తెలుసా? చిక్కిపోయిన 400 ఆవులు. అవి 1000 అయ్యేదాకా తిరిగి రానని వెళ్లాడు సత్యకాముడు. ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి అతనికి బ్రహ్మవిద్య చెప్పాయి. ఇంత తెలిసి కూడా, తిరిగొచ్చాక మళ్లీ గురువుని "మీరు చెప్పండి" అనే అడిగాడు.

నాకు ఆ ఆఖరి మాట దగ్గరే మా రూమ్మేట్ గుర్తొస్తాడు.

2019లో మేమూ ఆ హాస్టళ్లలోనే ఉన్నాం. వాళ్ల నాన్న చేసిన అప్పుకి వడ్డీ పెరిగిపోతోంది. మూడేళ్లు పెట్టించుకుని ఉద్యోగంలో చేరాడు. తప్పు పట్టే మనసు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేనేమన్నా సత్యకాముణ్ణా? మా నలుగురి ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలోనే కొన్నాం. రెండు ఇంటర్వ్యూల్లో నేనే రాశానని చెప్పా. "ఇక్కడ ఎందుకిలా రాశావ్?" అనగానే నోరు పెగల్లేదు. మూడో చోట నిజం చెప్పా. ఆ ఉద్యోగమూ రాలేదు! చివరికి వాడి జీతంలో సగం కూడా లేని చోట ఫ్రెషర్‌గా చేరా.

మొదటి నెలలోనే ఒక అప్‌డేట్ క్వెరీలో వేర్ కండిషన్ మర్చిపోయి, టెస్ట్ డేటాబేస్‌లో టేబుల్ మొత్తం మార్చేశా. చెమటలు పట్టాయి. పక్క సీట్లో సీనియర్ అక్కకి చెప్పా. అరగంట కూర్చుని, ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టడం, ఎన్ని వరుసలు మారాయో చూసుకోవడం, తేడా ఉంటే రోల్‌బ్యాక్ చేయడం నేర్పింది. "ఫ్రెషర్‌వి కదా, అందరికీ ఒకసారి అవుతుందిలే" అంది.

అదే వారం రాత్రి ఒంటిగంటకి మా రూమ్మేట్ ఫోన్. మెర్జ్ కాన్ఫ్లిక్ట్ ఎలా తీయాలో తెలియలేదు. మూడేళ్ల అనుభవం ఉన్నవాడు ఆఫీసులో ఆ ప్రశ్న ఎలా అడుగుతాడు? అందుకని నెల అనుభవం ఉన్న నన్ను అడిగాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

వాడు దొరకలేదు. రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నాడు, ఇవాళ నాకంటే మంచి ఇంజినీర్. కానీ ఈ మధ్య టీ తాగుతూ అన్నాడు: "మా టీమ్‌లో కొత్త పిల్లలు 'అన్నా, మీ మొదటి రోజు ఎలా ఉండేది?' అని అడుగుతారురా. జరగని రోజు గురించి చెప్తా. ఏ మేనేజర్ పేరు చెప్పానో కూడా గుర్తు పెట్టుకోవాలి."

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. అందులో మొదట సత్యం, తర్వాత ధర్మం, ఆ తర్వాత చదువులో ఏమరపాటు వద్దని హెచ్చరిక. ఇదివరకు దాన్ని ఒక లిస్టులా చదివేవాణ్ణి. ఇప్పుడు ఆ వరసలో అర్థం కనిపిస్తోంది. డిగ్రీతో చదువు అయిపోదు, అసలు చదువు ఉద్యోగంలోనే మొదలవుతుంది. అక్కడ "నాకు తెలియదు" అనగలిగినవాడికే ఎవరైనా నేర్పుతారు.

అదే మా తమ్ముడికి చెప్పా. "లేని మూడేళ్లు రాయించుకుంటే, ఫ్రెషర్‌గా నీకున్న ఒకే ఒక్క ఆస్తి పోతుంది. అడిగే హక్కు."

"మరి అప్పటిదాకా ఇంట్లో ఏం చెప్పాలి? హాస్టల్ ఫీజు ఎవరు కడతారు?" అన్నాడు. దానికి నా దగ్గర శ్లోకం లేదు. మూడు నెలల ఫీజు నేను పంపుతానన్నా. ధర్మం చెప్పేవాడు దాని ఖర్చులో కొంతైనా మోయాలి కదా. ఇంకా వాడు ఏ సంగతీ తేల్చలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. సత్యకాముడు నిజం చెప్పగలిగాడు, నిజమే. కానీ అవతల గౌతముడు కూడా ఉండాలి. రేపు మీ పక్క సీట్లో కొత్తగా చేరిన పిల్లో పిల్లాడో "నాకు ఇది తెలియదండీ" అంటే నవ్వకండి. అరగంట పక్కన కూర్చోండి.

హరిః ఓం.