ల్యాబ్ వదిలితే ధమ్మం తప్పినట్టా?



బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లు ల్యాబులో పనిచేసి, ఇప్పుడు పేటెంట్ లా వైపు పోదామా అని చూస్తున్నారు. "మందు కనిపెడతావనుకుంటే కంపెనీల కాగితాలు రాస్తానంటావా?" అని మనవాళ్లే అంటారు. ఇది సమ్మా ఆజీవం ప్రశ్న. తేలిగ్గా తీసేయొద్దు.

దారి మార్చడంలో తప్పేం లేదు. బాబాసాహెబ్ కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివారు, లండన్‌లో బారిస్టర్ కూడా అయ్యారు. పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి, లా డిగ్రీ అడగరు. మీ ల్యాబ్ చదువు ఎక్కడికీ పోదు.

ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదని తథాగతుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. పేటెంట్ అందులో లేదు. లేదు కాబట్టి సరే అనుకోవడం పంచాంగం చూసే పద్ధతి. నియమం వేరు, సూత్రం వేరని బాబాసాహెబ్ 'కులనిర్మూలన'లో విడమర్చారు. సూత్రం దగ్గర మన బుద్ధితో మనమే తేల్చుకోవాలి, బాధ్యతా మనదే.

పేటెంట్ అంటే, కొత్తది కనిపెట్టినవాళ్లు దాని గుట్టు లోకానికి చెప్పాలి, బదులుగా 20 ఏళ్లు హక్కు. ఇంతవరకు దొంగతనం లేదు. పాతదాన్నే కాస్త మార్చి ఇంకో 20 ఏళ్లు అడిగినప్పుడే చిక్కు. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ ఒక కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ అడిగింది. రోగికి నయం చేసే గుణం పెరిగినట్టు చూపలేదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కాదంది. క్యాన్సర్ రోగుల సంఘం కూడా అందులో ఒక పక్షం.

మరి మీరు ఏ వైపు కూర్చుంటారు? జూనియర్‌కు క్లయింటును ఎంచుకునే వీలుండదు. ఇంటిల్లిపాదికీ మీదే మొదటి నెల జీతమైతే, వదిలేసి రమ్మని చెప్పడం నాకు సులువు, మీకు కాదు. అయినా పాత పరిశోధనను తెలిసీ దాచి క్లెయిమ్ రాయమంటే అది ముసావాదమే, అక్కడ కుదరదనాలి. ఉద్యోగం కోసం మిగతాది ఓర్చుకోవచ్చునేమో గానీ, అది కాదు.

ఇంకో దారీ ఉంది. పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. టీబీ మందు బెడాక్విలిన్‌పై పేటెంట్ పొడిగింపు కోరితే, టీబీని గెలిచిన ఇద్దరు మహిళలు అడ్డుపడ్డారు. 2023 మార్చిలో పేటెంట్ ఆఫీసు ఆ దరఖాస్తును తిరస్కరించింది. అలాంటివాళ్లకు క్లెయిముల భాష విప్పి చెప్పే మనిషి కావాలి. మీ ఆఫీసు కేసు కానిచోట, నెలకో ఆదివారం మీరు ఇవ్వగలరా?