లోతు లేని చెరువు

పీటర్ సింగర్ చెరువు గురించి ఫిలాసఫీ వాసన తగిలినవాళ్ళందరికీ తెలుసు. 1972లో అచ్చయిన 'ఫామిన్, ఆఫ్లుయెన్స్ అండ్ మొరాలిటీ' వ్యాసంలో వస్తుంది. మీరు నడిచిపోతుంటే చెరువులో పసివాడు మునిగిపోతున్నాడు. దిగి తీస్తే బట్టలు బురదవుతాయి, అంతే. తియ్యాలా, వద్దా? తియ్యాలనే అంటాం. అక్కణ్ణుంచి ఆయన మనల్ని దూరదేశాల ఆకలి దాకా లాక్కెళ్తాడు. ఆ లాగడం న్యాయమేనా అని యాభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. నేను అంత దూరం వెళ్ళను, చెరువు దగ్గరే ఆగిపోతాను. సింగర్ చెరువు లోతు తక్కువది. ఆ మాట ఆయనే రాశాడు. మా వైపు చెరువులు అలా ఉండవు.

మాది చోడవరం దగ్గర పల్లె. (2022 నుంచి అనకాపల్లి జిల్లా. నా నోటికి ఇంకా వైజాగ్ జిల్లా అనే వస్తుంది.) చుట్టూ చెరుకు, గోవాడ ఫ్యాక్టరీకి పోయే బళ్ళు, పొలాల్లో నేలబావులు. మగపిల్లలకి ఈత అక్కడే వచ్చేది. ఎండిన ఆనపబుర్ర నడుముకి కట్టి, మోకు కొస పట్టుకుని ఎవరో చిన్నాన్న బావిలోకి తోసేసేవాడు. నన్ను ఎవరూ తొయ్యలేదు. ఒక్కడే మగపిల్లాడినని అమ్మ బావి దరిదాపులకి పోనిచ్చేది కాదు. అక్కకి నేర్పాలని ఎవరికీ తట్టనే లేదు. ఒకరికి ముద్దు ఎక్కువై, ఒకరికి ఆడపిల్ల అయ్యి, ఇద్దరికీ ఈత రాలేదు.

నాకు ముప్పైమూడో ఏట వచ్చింది. వైజాగ్‌లో, నెల ఫీజు కట్టి, క్లోరిన్ వాసనలో. పొద్దున్న ఆరింటి బ్యాచ్. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన, ఇంటర్ పిల్లలు, నాలాంటి సాఫ్ట్‌వేర్ నడుంనొప్పులు. ఈత కన్నా ముందు అక్కడ పరిచయమైంది ఒకరి భయం ఒకరికి. మొదటి రెండు వారాలు మాతో నీళ్ళలో బుడగలే ఊదించారు. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకి చెప్పదగ్గ చిట్కా నా దగ్గర ఇదొక్కటే: తంటా చేతులతో కాదు, ఊపిరితో. గాలి కోసం తల పైకెత్తితే కాళ్ళు కిందకి పోతాయి. నీళ్ళలోనే ఊపిరి వదిలేయాలి, కిందకి చూడాలి, తల పక్కకి తిప్పి పీల్చాలి. వెల్లకిలా తేలడం వచ్చేవరకూ స్పీడ్ గురించి మాట్లాడకూడదు.

కోచ్ ఇంకో సంగతి నేర్పాడు. మునిగేవాడు సినిమాలోలా అరవడు. నోరు నీటిమట్టానికి వచ్చేసరికి ఊపిరికే టైమ్ చాలదు, కేకెక్కడిది? చేతులు పక్కకి చాచి నీళ్ళని కిందకి తొక్కుతుంటాడు, అంతే. అలాంటివాడి దగ్గరికి వెళ్ళకు, వస్తువుని పంపు అన్నాడు. కర్ర, తాడు, చీర, ఖాళీ కేన్. కాపాడబోయినవాణ్ణే నిచ్చెన చేసుకుని పైకి ఎక్కుతాడు, ఇద్దరూ పోతారు.

పోయిన కార్తీకంలో వనభోజనాలకి మా వాళ్ళంతా గెడ్డ ఒడ్డున చేరారు. పన్నెండేళ్ళ కుర్రాడు జారి లోతులో పడ్డాడు. అరవలేదు. అందరికన్నా ముందు నేను చూశాను, అది మునగడమేనని పోల్చుకున్నాను. దూకలేదు. కేక వేసి, వంటకి తెచ్చిన ఇరవై లీటర్ల వాటర్ కేన్ అందుకున్నాను. అందులో సగం నీళ్ళున్నాయి. ఒంపడం మొదలుపెట్టాను. ఆ కేన్లలోంచి నీళ్ళు ఎలా వస్తాయో తెలుసుగా, గుడుగుడుమంటూ, ఆగి ఆగి. ఖాళీ అయ్యి, మూత బిగించి విసిరేలోపు పొలంలోంచి ఒకాయన వెదురుగెడతో పరిగెత్తుకొచ్చి కుర్రాణ్ణి ఒడ్డుకి లాగేశాడు. దగ్గుతూ కూచున్నాడు. బాగానే ఉన్నాడని అందరూ అంటున్నా పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నీళ్ళు మింగి దగ్గుతున్నవాణ్ణి అలా వదిలేయకూడదు.

సాయంత్రం ఒక ముసలమ్మ అడిగింది: "ఈతొచ్చంటావు గదా బావూ, దూకలేదేటి?"

జవాబు నా దగ్గరుంది. కోచ్ చెప్పింది చేశాను. జర్మనీలో ఆపదలో ఉన్నవాడికి సాయం చెయ్యకపోతే నేరం, కానీ ఆ చట్టం కూడా నీ ప్రాణం మీదకి తెచ్చుకోమనదు. ఆవిడకి ఇవన్నీ చెప్పలేదు. నాకు గుచ్చుకుంది వేరే. ఆ ఒడ్డున ముప్పైమంది ఉన్నారు, ప్రశ్న నా ఒక్కడికే వచ్చింది. రెండేళ్ళ క్రితమైతే నన్ను కూడా అడిగేవారు కాదు. చేతనైనవాడికే బాధ్యత అంటాం, బాగుంది. మరి చేతకాకుండా ఉండిపోవడం ఎవరి బాధ్యత? ఈత రాని ఇరవైతొమ్మిదిమంది తప్పించుకున్నారా, లేక మా అక్కలాగా వాళ్ళని ఎవరో తప్పించేశారా? మన దేశంలో ఏటా 30 వేలమందికి పైగా నీళ్ళలో పోతున్నారు. బడి పిల్లలకి ఈతతోపాటు, తాము మునగకుండా ఎదుటివాణ్ణి తియ్యడం నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. సింగర్ అడిగే ప్రశ్న ఆ క్షణానిది. నాకేమో ఆ క్షణానికి ఇరవై ఏళ్ళ ముందే, బావి దగ్గరే, తప్పు జరిగిపోయిందనిపిస్తుంది. ఎవరు తప్పు చేశారంటే అమ్మని అనలేను. మా వీధిలో ఒకడు అదే బావిలో పోయాడు, ఆవిడ భయం ఆవిడది.

అయితే ఈ ఆలోచన నాకు మరీ అనుకూలంగా ఉందని కూడా తెలుసు. తప్పు ఇరవై ఏళ్ళ వెనక్కి నెట్టేస్తే, కేన్ ఒంపుతూ నిలబడ్డవాడు మాయమైపోతాడు.

ఎందుకంటే తర్వాత లెక్క వేసుకున్నాను. ఇంజనీరింగ్ చదివినందుకు ఆ మాత్రం రావాలి. సగం నిండిన కేన్‌లో పది లీటర్ల గాలి, అంటే దగ్గర దగ్గర పది కిలోల బరువుని తేలుస్తుంది. నీళ్ళలో మనిషి తల పైకి ఉండటానికి ఐదారు కిలోలు చాలు. ఒంపక్కర్లేదు. అలాగే మూత బిగించి తోసేస్తే సరిపోయేది. బరువుగా ఉంటే దూరం పడదేమో అనుకున్నానా? అనుకున్నట్టు గుర్తు లేదు. నీళ్ళు ఒంపుతున్నంతసేపూ నేనేదో చేస్తూనే ఉన్నాను కదా, అందుకని దూకాలా వద్దా అని అడుక్కోవాల్సిన పని లేకపోయింది. అది తెలివా, పిరికితనమా? కొన్ని రోజులు ఒకటి, కొన్ని రోజులు ఇంకొకటి అనిపిస్తుంది.

ఈ లెక్క అక్కకి ఒక్కదానికే చెప్పాను. నలభై ఒకటి దాటింది, ఈ వేసవిలో నాతో బ్యాచ్‌లో చేరింది. పంజాబీ డ్రెస్‌తో దిగనివ్వరని తెలిసి వారం ఆగి, స్విమ్మింగ్ సూట్ కొనుక్కుని, దాని మీద తువ్వాలు కప్పుకుని మెట్ల దాకా వచ్చి దిగింది. బుడగలు ఊదడం నాకన్నా తొందరగా వచ్చేసింది.

"సగం నీళ్ళున్నా తేలుతుందేట్రా?" అని అడిగింది. కోచ్‌ని అడిగి ఒక కేన్ తెచ్చి సగం నింపి, మూత బిగించి, లోతు తక్కువ వైపు నీళ్ళలో వదిలాం. అక్క దాన్ని రెండు చేతులా వాటేసుకుని కాళ్ళు పైకి తీసేసింది. తల పైనే ఉంది. చాలాసేపు అలాగే ఉండి, "ఇంకో కుర్రాణ్ణి కూడా ఆపేలా ఉందిరా" అంది నవ్వుతూ.

నాకు ఆ పూట ఈత సాగలేదు.