నోరు లేని యజమాని, లెక్క చెప్పే దివాను

భూమి ఒకరిది, దాని మీద పెత్తనం మరొకరిది అయినచోట దివాను అవసరమవుతాడు. కౌళ్లు కుదర్చడం, శిస్తు వసూలు చేయడం, రైతుల తగవులు తీర్చడం, ఏడాది తిరిగేసరికి లెక్క అప్పజెప్పడం అతని పనులు. యజమాని జమీందారైతే చిక్కు తక్కువ. తేడా వస్తే నిలదీసే మనిషి ఎదురుగా ఉంటాడు. భూమి దేవుడి మాన్యమో, బీదల సొత్తో అయినప్పుడే అసలు చిక్కు. నోరు విప్పని యజమాని మనసులో మాట దివానుకు ఎలా తెలియాలి?

జర్మనీలోని హాంబర్గ్ నగరం ఈ ప్రశ్నను శతాబ్దాల పాటు మోసింది. మధ్యయుగంలో అక్కడి మఠాలకూ, రోగులను, వృద్ధులను ఆదుకునే ధర్మశాలలకూ ఊళ్లకు ఊళ్లే ఉండేవి. బార్మ్‌బెక్ గ్రామం 1355లో పరిశుద్ధాత్మ ఆసుపత్రి చేతికి వచ్చింది. ఎప్పెన్‌డోర్ఫ్, వింటర్‌హూడె పల్లెలు హార్వెస్టెహూడె సన్యాసినుల మఠానివి. చచ్చిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థనలు జరగాలని దాతలు మఠాలకు ఆస్తులు రాసిచ్చేవారు.

మత సంస్కరణతో ఆ ప్రయోజనమే ప్రశ్నార్థకమైంది. లూథర్ సహచరుడు యోహానెస్ బుగెన్‌హాగెన్ 1529లో నగరానికి కొత్త చర్చి నియమావళి రాశాడు. 1530లో హార్వెస్టెహూడె మఠాన్ని కూల్చేశారు. 1536లో ఆ సంస్థే పెళ్లికాని ఆడపిల్లల కోసం సెయింట్ యోహానిస్ ప్రొటెస్టెంట్ ఆశ్రమంగా మారింది. ప్రార్థన కోసం ఇచ్చిన సొమ్మును పోషణకు వాడటం ధర్మమా? బతికున్నవారిని ఆదుకోవడమే దేవుడికి ఇష్టమన్నది సంస్కర్తల వాదం. వాదంలో బలముంది. కానీ యజమాని ఇష్టాన్ని పెత్తందారే నిర్ణయించాడన్న మాట మాత్రం మిగిలిపోతుంది. దివాను భయపడవలసిన చోటు సరిగ్గా ఇదే. నగరం చేసుకున్న కట్టడి, పెత్తనం ఒక్కడి చేతిలో పెట్టకపోవడం. 1528లో నాలుగు పారిష్‌ల నుంచి ముగ్గురేసి పెద్దలతో ఏర్పడ్డ ‘ఒబెరాల్టెన్’ మండలి పరిశుద్ధాత్మ ఆసుపత్రి వ్యవహారాలు చూసింది.

దివాను నీతి గురించి క్రైస్తవంలో ప్రసిద్ధమైన కథ లూకా సువార్త పదహారో అధ్యాయంలో ఉంది. ఉద్యోగం ఊడబోతోందని తెలిసిన గృహనిర్వాహకుడు బాకీదార్లను పిలిచి, నూరు కొలతల నూనె రాసిన పత్రాన్ని యాభైకి, నూరు కొలతల గోధుమలను ఎనభైకి దిద్దిస్తాడు. యజమాని అతని తెలివిని మెచ్చుకుంటాడు. వ్యాఖ్యాతలను తికమక పెట్టిన మెప్పు అది.

తెలుగువారికి దీనికి సాటి కథ భద్రాచల రామదాసుది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ తానీషా కింద తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న, సర్కారు శిస్తు సొమ్ముతో రాముడి గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు. ఒకే చేతికి ఇద్దరు యజమానులు. జనం చెప్పుకునే కథలో రాముడు ఆ బాకీని మాఫీ చేయించడు. లక్ష్మణుడితో కలిసి వచ్చి పైసలతో సహా చెల్లించి, రసీదు పుచ్చుకుని వెళతాడు. భక్తుడు బయటపడ్డాడు గానీ, ఖజానా లెక్క చెడలేదు. లూకా కథలో బాకీపత్రం దిద్దితే, ఇక్కడ బాకీ తీరింది. పెత్తందారు ధర్మానికి రెండోదే గట్టి కొలమానం.

భారతీయ న్యాయశాస్త్రం దేవుణ్ణి ఆస్తి కలిగిన వ్యక్తిగా, అయితే తన వ్యవహారం తాను చూసుకోలేని మైనరు లాంటివాడిగా పరిగణిస్తుంది. ధర్మకర్త యజమాని కాడు, సంరక్షకుడు. ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. తరతరాల పెత్తనం క్రమంగా సొంత ఆస్తిలా మారిపోతుందన్న అనుమానం దీని వెనక ఉంది; అర్చక కుటుంబాలు, మఠాధిపతులు దీనితో ఏకీభవించకపోవడమూ సహజమే.

హాంబర్గ్‌లో ఆసుపత్రి గ్రామాల పాలన 1830 ప్రాంతంలో నగర ప్రభుత్వానికి పోయింది. నాటి పొలాలు ఇప్పుడు వీధులూ ఇళ్లూ. ఒబెరాల్టెన్ మండలి మాత్రం ఉంది. పరిశుద్ధాత్మ ఆసుపత్రి పేరిట వృద్ధుల కోసం నడిచే సంస్థ బాధ్యత నేటికీ దానిదే.